కెర్నెల్ కథలు – 7: కూలిన చోటు నుంచి వెనక్కి

పోయిన భాగంలో స్టాక్ పుట్టుక చూశాం. ఒక పని మధ్యలో ఇంకో పనికి వెళ్ళేటప్పుడు, తిరిగి రావలసిన చోటును పాతిపెట్టి, పని కాగానే తవ్వి తీసుకోవాలని ట్యూరింగ్ తన ఏస్ యంత్రం నివేదికలో రాశాడు. దశాబ్దం గడిచాక, 1957లో, జర్మనీలో బావర్, జామెల్‌సన్ అలాంటి ఏర్పాటుకే పేటెంటు దరఖాస్తు పెట్టారు. ఈలోగా 1951లోనే కేంబ్రిడ్జిలో స్టాన్లీ గిల్, ఎడ్‌శాక్ మీద నడిచే ప్రోగ్రామ్ ఏ దారిన వెళ్ళిందో అచ్చువేసి చూపించే ప్రోగ్రాముల గురించి వ్యాసం రాశాడు. అక్కడ ఆగాం. ఇప్పుడు ఒక్క గంతులో యాభై ఏళ్ళు దాటుదాం. 2002 నుంచి 2008 దాకా ఆరేళ్ళ కథ ఇది. జరిగింది లినక్స్ కెర్నెల్‌లో. అందులో కొన్ని ముఖ్యమైన ఘట్టాలకు ఊరు బెంగళూరు.

ముందు ఆనాటి రోజువారీ బతుకు ఎలా ఉండేదో చూడాలి.

లినక్స్ కెర్నెల్ ఏదో తప్పు చేసి కంగు తిన్నప్పుడు తెర మీద పడే సందేశాన్ని ‘ఊప్స్’ అంటారు. మామూలు ప్రోగ్రామ్ కూలితే కెర్నెల్ దాని సంగతి చూసుకుంటుంది. కెర్నెలే కూలితే చూసుకునే దిక్కు లేదు. డిస్కులో రాద్దామంటే డిస్కు డ్రైవరే పాడై ఉండొచ్చు. అందుకని తెర మీద వరసగా అంకెలు కక్కి ఊరుకునేది. రిజిస్టర్లలో ఏముందో, స్టాక్‌లో ఏముందో, చివర్లో ‘కాల్ ట్రేస్’ అనే శీర్షిక కింద మరికొన్ని చిరునామాలు. అన్నీ పదహారు అంకెల లెక్కలోనే. వాటిని కాగితం మీద చేత్తో ఎక్కించుకునేవాళ్ళు. కెమెరా ఉన్నవాళ్ళు తెరను ఫొటో తీసేవాళ్ళు. కాస్త ముందుచూపు ఉన్నవాళ్ళు సీరియల్ తీగతో పక్కన ఇంకో కంప్యూటర్ని కలిపి ఉంచేవాళ్ళు, చివరి మాటలు అటు పోతాయని.

ఆ చిరునామాలు ఫంక్షన్ల పేర్లుగా మారాలంటే కీత్ ఓవెన్స్ నడిపిన కేసిమ్‌ఊప్స్ అనే పనిముట్టుకి ఇవ్వాలి. దానికి సిస్టమ్ మ్యాప్ అనే ఫైలు కావాలి, అది సరిగ్గా ఆ కెర్నెల్‌దే అయి ఉండాలి. వేరే బిల్డ్‌ది ఇచ్చారా, పేర్లు చక్కగానే వస్తాయి, కాకపోతే అన్నీ అబద్ధాలు. నమ్మదగ్గట్టు కనిపించే అబద్ధాలు కాబట్టి మరీ ప్రమాదం. 2003 డిసెంబరులో 2.6 కెర్నెల్ వచ్చేనాటికి పేర్ల పట్టికను కెర్నెల్ కడుపులోనే పెట్టే ఏర్పాటు జరిగింది. అప్పట్నుంచి ఊప్స్‌లో పేర్లే పడ్డాయి. కీత్ ఓవెన్స్ పనిముట్టుకి పని తప్పింది.

ఇంత అవస్థ పడేకంటే కెర్నెల్‌లోనే ఒక డీబగ్గర్ పెట్టొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చాలామందికి అనిపించింది, అడిగారు కూడా. 2000లో లైనస్ టోర్వాల్డ్స్ తనకు డీబగ్గర్లంటే ఇష్టం లేదని కుండబద్దలు కొట్టారు. లోపం ఎక్కడుందో ఆలోచించి పట్టుకోవాలి గానీ, అడుగడుగునా ఆపి చూస్తే పైపై మాట్లు వేసే అలవాటు పడుతుందన్నది ఆయన వాదం. డీబగ్గర్లతో పాటు ట్రేసింగ్ పనిముట్లకీ వాకిట్లోనే పడిగాపులు తప్పలేదు. కరీమ్ యాగ్‌మోర్ లినక్స్ ట్రేస్ టూల్‌కిట్ ఏళ్ళ తరబడి బయటే ఉండిపోయింది. ఐబీఎమ్ వాళ్ళ డీప్రోబ్స్‌దీ అదే గతి. ఓఎస్/2 కాలం నాటి ఒక ట్రేసింగ్ పద్ధతిని వాళ్ళు లినక్స్‌కి తెచ్చారు. నడుస్తున్న కెర్నెల్‌లో ఎక్కడ కావాలంటే అక్కడ ఒక పరిశీలన బిందువు పెట్టొచ్చు, దానికోసం ఒక చిన్న భాష, ఆ భాషను నడిపించే యంత్రాంగం, అన్నీ అందులోనే. బ్రహ్మాండంగా ఉంది. అంత బ్రహ్మాండాన్ని కెర్నెల్ లోపలికి రానిచ్చేవాళ్ళే లేరు.

సరిగ్గా ఇక్కడ కథ బెంగళూరుకి తిరుగుతుంది. ఇవాళ్టికీ కెర్నెల్ సోర్సులో కేప్రోబ్స్ ఫైలు తెరిస్తే తలమీదే చరిత్ర రాసి ఉంటుంది. 2002 అక్టోబరులో ఐబీఎమ్ ఇండియాకి చెందిన వంశీకృష్ణ ఎస్. సృష్టించారని, అందులో రస్టీ రసెల్ సూచనలు కలిశాయని. డీప్రోబ్స్ అనే మహా కట్టడం నుంచి పునాదిరాయి ఒక్కటే బయటికి తీశారన్నమాట. భాష లేదు, దాన్ని నడిపే యంత్రాంగం లేదు. పరిశీలన బిందువు పెట్టడం, తీయడం, అంతే.

అది పనిచేసే తీరు ఒకసారి దగ్గర నుంచి చూడాలి, ఎందుకంటే తర్వాతి గొడవలన్నీ ఇలాంటి తెలివితేటల చుట్టూనే తిరుగుతాయి. ఒక ఫంక్షన్ మొదట్లో నిఘా పెట్టాలనుకున్నాం. అక్కడున్న మొదటి సూచనను ఒక పక్కకు నకలు తీసి, దాని మొదటి బైటు మీద బ్రేక్‌పాయింట్ సూచన రాసేస్తారు. ఇంటెల్ ప్రాసెసర్లలో దీనికి ఒకే ఒక్క బైటు చాలు. ప్రాసెసర్ అక్కడికి రాగానే ఉలిక్కిపడి కెర్నెల్‌ని పిలుస్తుంది. మనం రాసిన చిన్న ఫంక్షన్ నడుస్తుంది. తర్వాత నకలు తీసిపెట్టిన అసలు సూచనను ఒక్క అడుగు నడిపి, ఏమీ జరగనట్టు దారిలో పెడతారు. కెర్నెల్‌ని మళ్ళీ కంపైల్ చేయనక్కర్లేదు, యంత్రం ఆపనక్కర్లేదు. ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ ఉలికిపాటును అందుకునే కెర్నెల్ ఫంక్షన్ మీదే ఎవరైనా బిందువు పెడితే? పిలుపులో పిలుపు, అందులో మళ్ళీ పిలుపు, చివరికి యంత్రం హరీ. అందుకని కొన్ని ఫంక్షన్లకు ‘ఇక్కడ ముట్టుకోవద్దు’ అనే గుర్తు పెట్టారు.

2004లో సుపర్ణా భట్టాచార్య, ప్రసన్న పంచముఖి దీన్ని ఇంకా తీర్చిదిద్దారు. ఆ ఏడే 2.6.9 కెర్నెల్‌లో కేప్రోబ్స్ అధికారికంగా చోటు సంపాదించింది. అప్పటికి లినక్స్ వాళ్ళకి ఒక అవమానం కూడా తోడైంది. 2003 చివర్లో సన్ కంపెనీలో బ్రయన్ కాంట్రిల్, మైక్ షపీరో, ఆడమ్ లెవెంతాల్ కలిసి సొలారిస్‌కి డీట్రేస్ తెచ్చారు. నడుస్తున్న వ్యవస్థను లోపలికంటా చూపించే పనిముట్టు. 2005 జనవరిలో సొలారిస్ 10తో జనంలోకి వచ్చేసింది. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు, లినక్స్ శిబిరం ముఖం మాడ్చుకుంది. ఆ పోటీలోంచే రెడ్ హ్యాట్, ఐబీఎమ్, ఇంటెల్, హిటాచీ చేతులు కలిపి సిస్టమ్‌ట్యాప్ మొదలుపెట్టాయి. దాని కింద ఉన్న పునాదిరాయి కేప్రోబ్సే.

ఫంక్షన్ మొదట్లోనే కాదు, అది పని ముగించి తిరిగొచ్చేటప్పుడూ చూడాలంటే? 2005లో హియెన్ న్గుయెన్, జిమ్ కెనిస్టన్, ప్రసన్న పంచముఖి దానికీ దారి కనిపెట్టారు. ఫంక్షన్‌లోకి అడుగు పెట్టగానే, స్టాక్ మీదున్న రిటర్న్ అడ్రస్‌ను తీసి దాచేసి, ఆ చోట తమ సొంత చిరునామా పెడతారు. ఫంక్షన్ అమాయకంగా తిరిగొస్తే నేరుగా వీళ్ళ గుమ్మంలోకే వస్తుంది. అద్భుతమైన ఎత్తు, సందేహం లేదు. కానీ ఈలోగా కెర్నెల్ కూలితే? కాల్ ట్రేస్‌లో అసలు పిలిచినవాడి పేరు ఉండదు, ఈ మధ్యవర్తి పేరుంటుంది. స్టాక్‌ను వెనక్కి చదివేవాళ్ళకి ఇది ఆ తర్వాత చాలా కాలం తలనొప్పి తెచ్చింది.

అన్నట్టు, మామూలు ప్రోగ్రాముల మీద ఇదే పని చేసే యూప్రోబ్స్ 2012లో 3.5 కెర్నెల్‌లో చేరింది. ఆ ఫైలు తలమీద రాసి ఉన్న ఇద్దరి పేర్లలో ఒకటి శ్రీకర్ ద్రోణంరాజు. ఇంటిపేరు చూస్తే మనవాళ్ళకి వేరే పరిచయం అక్కర్లేదు.

బెంగళూరు నుంచి వచ్చిన రెండో కానుక కేడంప్. నా లెక్కలో కేప్రోబ్స్ కంటే ఇదే గొప్పది. అంతకుముందు కూలిన కెర్నెల్ మెమరీని భద్రపరచడానికి రకరకాల ఏర్పాట్లు ఉండేవి. కొన్ని డిస్కులో రాసేవి, కొన్ని నెట్‌వర్క్ మీద పంపేవి. అన్నిటిదీ ఒకే బలహీనత. కూలిపోతున్న కెర్నెల్ చేతనే, దాని డ్రైవర్లతోనే ఆ పని చేయించాలి. పిచ్చెక్కినవాడి వాంగ్మూలాన్ని వాడి చేతనే రాయించినట్టు. ఎరిక్ బీడర్‌మన్ అప్పటికే కెఎక్జెక్ మీద పనిచేస్తున్నారు. బయాస్ దాకా పోకుండా ఒక కెర్నెల్ నుంచి నేరుగా ఇంకో కెర్నెల్‌లోకి దూకే పద్ధతి అది. దాని మీద ఐబీఎమ్‌లో వివేక్ గోయల్, మనీశ్ సోనీ, హరిప్రసాద్ నెల్లితీర్థ కేడంప్ కట్టారు. యంత్రం మొదలైనప్పుడే కొంత మెమరీ పక్కన పెట్టి, అందులో రెండో కెర్నెల్‌ని నిద్రపుచ్చి ఉంచుతారు. మొదటిది కూలగానే రెండోది లేస్తుంది. మొదటిదాని మెమరీ మొత్తం దానికి ఒక ఫైలులా కనిపిస్తుంది, తీరిగ్గా డిస్కులో దాచుకుంటుంది. చచ్చినవాడి మాట ఒక్కటి కూడా నమ్మనక్కర్లేదు. 2005 ఆగస్టులో 2.6.13తో కెఎక్జెక్, కేడంప్ రెండూ కెర్నెల్‌లోకి వచ్చేశాయి.

మెమరీ దొరికింది, సంతోషం. కానీ సర్వర్ల గదుల బయట కోట్లాది యంత్రాల్లో కేడంప్ ఉండదు. అక్కడ మిగిలేది తెర మీది కాల్ ట్రేస్ ఒక్కటే. అదెంత నమ్మదగ్గది?

ఈ ధారావాహిక సూరత్‌లోని పర్వత్ పాటియాలో కూర్చుని రాస్తున్నాను కాబట్టి సాంచా, అంటే మరమగ్గం, ముచ్చటే చెబుతాను. పడుగులో ఒక పోగు తెగితే బట్ట మీద సన్నని గీత పడుతుంది. సాంచా ఆపి, గీత మొదలైన చోటు పట్టుకుని, పన్నెలోంచి వెనక్కి, బీము దాకా ఆ ఒక్క పోగునే వెతుక్కుంటూ పోవాలి. పక్క పోగు చేతికొచ్చిందా, ముడి తప్పు చోట పడుతుంది. స్టాక్ అన్‌వైండింగ్ చేసేది ఈ పనే. కూలిన ఫంక్షన్ నుంచి దాన్ని పిలిచిన ఫంక్షన్‌కి, అక్కణ్ణుంచి దాన్ని పిలిచినదానికి. ఫైలు చదువుతుండగా కూలితే, వీఎఫ్ఎస్_రీడ్, దాన్ని పిలిచిన సిస్_రీడ్, అలా వెనక్కి వెనక్కి, వాడుకరి ప్రోగ్రామ్ కెర్నెల్ గడప దాటిన చోటు దాకా.

పాత ఎక్స్86 కెర్నెల్‌కి ఇంత ఓపిక లేదు. స్టాక్‌ను ఒక కొస నుంచి ఇంకో కొసకు గాలించి, కెర్నెల్ కోడ్‌లోని చిరునామాలా కనిపించిన ప్రతిదాన్నీ అచ్చువేసేది. అందులో నిజంగా ఇప్పుడు నడుస్తున్న పిలుపులుండేవి, ఎప్పుడో పని ముగించుకుని పోయిన ఫంక్షన్లు వదిలేసిన ఎంగిలి చిరునామాలూ ఉండేవి. అనుభవం ఉన్నవాళ్ళు చూడగానే ఇది నిజం, ఇది దయ్యం అని ఏరేవాళ్ళు. కొత్తవాళ్ళు దయ్యం వెంట పడి రెండు మూడు రోజులు పోగొట్టుకునేవాళ్ళు. తర్వాతి కాలంలో అనుమానం ఉన్న పేర్ల ముందు ప్రశ్నార్థకం పెట్టడం మొదలుపెట్టారు.

దీనికి తేలికైన మందు పాతదే ఉంది, ఫ్రేమ్ పాయింటర్. ప్రతి ఫంక్షన్ మొదలవగానే, తనను పిలిచినదాని స్టాక్ హద్దును దాచి, తన హద్దును ఒక రిజిస్టర్‌లో ఉంచుకుంటుంది. గొలుసులా ఒకదాన్నుంచి ఒకదానికి పోవచ్చు. కానీ 32 బిట్ల ఎక్స్86కి సామాన్య రిజిస్టర్లు ఉన్నవే ఎనిమిది. ఒకటి స్టాక్ పాయింటర్‌కే పోతుంది. ఇంకొకటి దీనికి ధారపోస్తే ప్రతి ఫంక్షనూ కాస్త లావెక్కుతుంది, కాస్త నెమ్మదిస్తుంది. ఎప్పుడో కూలినప్పుడు పనికొస్తుందని రోజూ ఈ పన్ను కట్టడం చాలామందికి మింగుడుపడలేదు. 64 బిట్లకు వచ్చాక రిజిస్టర్లు పదహారయ్యాయి గానీ, అక్కడ ఫ్రేమ్ పాయింటర్ ఉండి తీరాలన్న నియమమే లేదు. దాని బదులు పట్టికలు వాడుకోండి అన్నారు.

ఆ పట్టికల పేరు డ్వార్ఫ్. 1980ల చివర బెల్ ల్యాబ్స్‌లో యునిక్స్ డీబగ్గర్ కోసం పుట్టింది. ఎల్ఫ్ అనే ఫైలు రూపానికి జోడీగా ఈ మరుగుజ్జు పేరు తగిలించారు. ప్రతి సూచన దగ్గరా స్టాక్ ఎలా ఉందో, పిలిచినవాడి చిరునామా ఎక్కడ దొరుకుతుందో కంపైలర్ ఇందులో రాసిపెడుతుంది. ప్రోగ్రామ్ నడుస్తుంటే ఖర్చు సున్నా, కూలినప్పుడే తెరిచి చదువుకోవడం. కాగితం మీద ఇంతకంటే మంచి బేరం లేదు. నోవెల్ అప్పటికే స్యూజ్ లినక్స్‌ని కొనేసింది. అక్కడి యాన్ బాయ్‌లిష్ ఈ పట్టికలను చదివే అన్‌వైండర్‌ను కెర్నెల్ కోసం రాశారు. 64 బిట్ల ఎక్స్86 బాధ్యత చూస్తున్న ఆండీ క్లీన్ దానికి దారి ఇచ్చారు. 2006 సెప్టెంబరులో 2.6.18తో అది బయటికి వచ్చింది. సూరత్ వాళ్ళకి ఆ ఏడు అంటే ఆగస్టు తాపీ వరదే గుర్తొస్తుంది. ఊరు ఎక్కువ భాగం నీళ్ళలో ఉండి, సాంచాలు బురద పట్టిన ఏడు. అదే ఏడు లినక్స్ వాళ్ళకి డ్వార్ఫ్ గొడవ.

గొడవ ఎక్కడంటే, సీ భాషలో రాసిన ఫంక్షన్లకు కంపైలర్ పట్టిక రాస్తుంది. కెర్నెల్ గడప దగ్గరి కోడ్, అంటే ఇంటరప్టులు, సిస్టమ్ కాల్స్ లోపలికొచ్చే చోటు, అసెంబ్లీలో చేత్తో రాసింది. అక్కడ పట్టికలోని ఎంట్రీలు కూడా మనిషే చేత్తో రాయాలి. పుష్ అని ఒక్క సూచన చేర్చి దాని పక్కన గుర్తు మార్చడం మరిచిపోతే చాలు, అన్‌వైండర్ దారి తప్పుతుంది. పైగా ఇంటరప్టు వస్తే కెర్నెల్ ఒక స్టాక్ నుంచి ఇంకో స్టాక్‌కి గెంతుతుంది. అక్కడ కూడా గొలుసు తెగకూడదు. ఆ నెలల్లో జనం పంపిన ఊప్స్‌లలో ఒక కొత్త వాక్యం తరచుగా కనపడేది. డ్వార్ఫ్2 అన్‌వైండర్ ఫలానా ఫంక్షన్ దగ్గర ఇరుక్కుపోయింది, మిగిలిపోయిన నికరం కాని జాబితా ఇదిగో, అని. ఆ ఫలానా ఫంక్షన్ కెర్నెల్ థ్రెడ్ పుట్టే చోటు కావడం రివాజు. వెనక్కి వెళ్ళడానికి ఇంకేమీ లేని చోట ఆగిపోవాలన్న సంగతే దానికి తెలియలేదు.

ఇరుక్కుంటే ఇరుక్కుంది, పాత పద్ధతిలో గాలించిన జాబితా ఉంది కదా అనుకోవచ్చు. అసలు భయం అది కాదు. అన్‌వైండర్ నడిచేదే కెర్నెల్ అప్పటికే చెడిపోయిన క్షణంలో. స్టాక్‌లో చెత్త ఉంటుంది, పాయింటర్లు ఎటో చూస్తుంటాయి. ఆ చెత్తను పట్టుకుని సంక్లిష్టమైన పట్టికల మధ్య తిరిగే కోడ్ తానే కూలితే, మొదటి ఊప్స్ కూడా మనకు దక్కదు. చిన్న హెచ్చరికతో పోవలసిన యంత్రం పూర్తిగా బిగుసుకుపోతుంది. దోషాలు ఒక్కొక్కటీ దిద్దుకుంటూ పోవచ్చన్నది రాసినవాళ్ళ పక్షం. లైనస్ మూడు నెలలు చూశారు. 2006 డిసెంబరులో మొత్తం అన్‌వైండర్‌ను పీకేశారు. తీర్చిన సమస్యల కన్నా తెచ్చిపెట్టినవే ఎక్కువని, నిలకడ వచ్చాక మళ్ళీ చూద్దామని, అప్పటిదాకా ఫ్రేమ్ పాయింటర్లు వాడుకోమని చెప్పారు.

ఇందులో మొండితనం కనపడుతుంది, నిజమే. నాకు మాత్రం ఆ డిసెంబరు తీర్పులో న్యాయమే ఎక్కువ కనపడుతుంది. ఆ ఆరేళ్ళలో కెర్నెల్‌లో నిలదొక్కుకున్నవి కూలిన కెర్నెల్‌ని అతి తక్కువగా నమ్మినవి. కేడంప్ అసలు నమ్మలేదు, నిలిచింది. డ్వార్ఫ్ పట్టికలు నమ్మినంత ఇంకేదీ నమ్మలేదు. అయితే స్యూజ్ ఓటమి ఒప్పుకోలేదు. బయటికి గెంటిన ఆ అన్‌వైండర్‌ను తన సొంత కెర్నెల్స్‌లో ఏళ్ళ తరబడి మోసింది. ఈ మొండితనం తర్వాత ఎంత పనికొచ్చిందో ముందు ముందు చూస్తాం.

డ్వార్ఫ్ పోయిన రెండేళ్ళకి ఇంకా పెద్ద ప్రమాదం జరిగింది. ఈసారి ట్రేసింగ్ వైపు నుంచి. స్టీవెన్ రోస్టెట్ తెచ్చిన ఎఫ్‌ట్రేస్, కెర్నెల్‌లోని దాదాపు ప్రతి ఫంక్షన్ మొదట్లోనూ కంపైలర్ చేత ఒక చిన్న పిలుపు చొప్పించేది. అవసరం లేనప్పుడు ఆ పిలుపులను నడుస్తున్న కెర్నెల్‌లోనే చెరిపి, వాటి చోట ఏమీ చేయని సూచనలు పెట్టేది. 2008 సెప్టెంబరులో 2.6.27 తయారీ దశలో ఉండగా, ఇంటెల్ నెట్‌వర్క్ చిప్‌లున్న కొన్ని యంత్రాల్లో నెట్‌వర్కే చచ్చిపోవడం మొదలైంది. మళ్ళీ మొదలుపెట్టినా లేవలేదు. చిప్ లోపలి శాశ్వత మెమరీలో రాతలు చెరిగిపోయాయి. అందరి వేళ్ళూ ఈ1000ఈ డ్రైవర్ వైపు చూపించాయి. పంపిణీదారులు ఆ డ్రైవర్‌ను ఆపేశారు. ఇంటెల్ ఇంజనీర్లు తమ కోడ్ అంతా జల్లెడ పట్టారు, దొరకలేదు.

దోషి ఎఫ్‌ట్రేస్. పిలుపులున్న చిరునామాలను అది ఒక జాబితాలో రాసుకునేది. మొదట ఒక్కసారి మాత్రమే పనికొచ్చే కోడ్‌ను, పని కాగానే మెమరీ నుంచి తీసేస్తారు. జాబితాలో మాత్రం ఆ చిరునామాలు అలాగే ఉండిపోయాయి. ఖాళీ అయిన ఆ చోటుకి తర్వాత నెట్‌వర్క్ చిప్ మెమరీ వచ్చి కూర్చునేది. ఎఫ్‌ట్రేస్ వచ్చి, ఇక్కడ ఉన్నది నేను అనుకున్న పిలుపేనా అని పోల్చి చూసి, కాకపోతే వదిలేసేది. చూడడమే కదా, ఏం నష్టం? కానీ పోల్చి మార్చే ఆ ఇంటెల్ సూచన, పోలిక కుదరకపోయినా ఉన్న విలువనే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీకి ఆ రాత వల్ల ఏమీ కాదు. చిప్ మెమరీకి ఏ రాతైనా ఆజ్ఞే. 2.6.27 అక్టోబరు 9న వచ్చింది, వెంటనే వచ్చిన 2.6.27.1లో ఆ ఏర్పాటునే ఆపేశారు. 2.6.28కల్లా రోస్టెట్ పద్ధతి మార్చేశారు. ఏ ఫంక్షన్‌లో ఎక్కడ పిలుపుందో కెర్నెల్ నడిచేటప్పుడు కనిపెట్టడం మానేసి, బిల్డ్ చేసేటప్పుడే లెక్కగట్టి పట్టికలో పెట్టేశారు.

ఇదే ఉపాయం, తొమ్మిదేళ్ళ తర్వాత, స్టాక్‌ను వెనక్కి చదివే పనికి కూడా వచ్చింది. కానీ దానికి ముందు ఇంకో పోటీ జరగాలి. 2014లో కొద్ది వారాల తేడాతో రెడ్ హ్యాట్ కేప్యాచ్‌ని, స్యూజ్ కేగ్రాఫ్ట్‌ని బయటపెట్టాయి. రెండిటి మాటా ఒకటే, యంత్రం ఆపకుండా నడుస్తున్న కెర్నెల్‌లో ఫంక్షన్‌నే మార్చేస్తామని. అందుకు, పాత ఫంక్షన్ లోపల ఈ క్షణాన ఎవరూ లేరని నిక్కచ్చిగా తెలియాలి. ప్రశ్నార్థకాలున్న కాల్ ట్రేస్ దానికి పనికిరాదు. జాష్ పోయింబూఫ్ అనే ఇంజనీరు ఆ నిక్కచ్చితనం కోసం ఏకంగా కెర్నెల్‌లోని ప్రతి సూచననూ తిరిగి చదివే పనిముట్టు ఎందుకు రాయాల్సి వచ్చింది, అందులోంచి పుట్టిన కొత్త అన్‌వైండర్‌కి జానపద కథల్లో మరుగుజ్జుల శత్రువు పేరు ఎలా వచ్చింది, ఈ రెండు కంపెనీలు చివరికి ఎక్కడ రాజీపడ్డాయి – ఇవన్నీ వచ్చే భాగంలో.